క్రైస్తవ బోధకుల యెడ గౌరవము – దాని మర్యాద

కృష్ణానదికి ఉత్తరమున, వనపర్తికిని గద్వాలకును నడుమ నున్న మా పెబ్బేరు శనివారపు పశువుల సంతవలన నలుదిక్కులవారికిని తెలిసిన యూరు. సంతకు బోవు త్రోవలో గోడలమీద సభల ప్రకటనపత్రములు అంటించియుండును. వానిలో క్రైస్తవ సువార్తసభలకు సంబంధించినవియు గలవు, మన పురాణప్రవచనములకు సంబంధించినవియు గలవు. రెండింటను బోధకుని పటము పెద్దది. బోధింపబడు విషయము చిన్నది. చూచి చూచి యలవాటుపడిన కన్నులకు ఇందు వింత యేమియు దోపదు. ఒక వృద్ధుడు నా తప్పు దిద్దువరకు నాకును దోపలేదు.

కొన్ని యేండ్ల క్రిందట ఒక పాఠశాలలో జరిగిన సభయందు నేను పూర్వకాలపు మిషనరీల విద్యాసేవను గూర్చి ప్రసంగించుచు, ఒంగోలు క్లౌ దొరను మిక్కిలి కొనియాడి, ఆయన యొక్కదినమున 2,222 మందికి స్వహస్తములతో బాప్తిస్మ మిచ్చెనని చెప్పితిని. సభవారు చప్పట్లు కొట్టిరి. సభ ముగిసినపిమ్మట ఒక వృద్ధ గ్రామబోధకుడు నాయొద్దకు వచ్చి చేతులు జోడించి, "పంతులుగారూ, దొరను మంచిగ మెచ్చుకున్నరు, సంతోషం. గాని ఆ దినం నీళ్లల్ల నిలవడ్డోళ్లు మనోళ్లు. మా పెద్దోళ్లు చెప్పేటోళ్లు" అనెను. నేను ఇంటికి వచ్చి గ్రంథములు పరిశీలింపగా వృద్ధుని మాటయే సత్యమని తేలినది. ఆనాడు గుండ్లకమ్మ నీటిలో నిలిచి బాప్తిస్మ మిచ్చినవారు ఆర్గురు తెలుగు బోధకులు. నా పొగడ్త యొకనిని పెంచి ఆర్గురను లోపింపజేసినది. లోపమనగా అదర్శనమని శాస్త్రము. ఉన్నవారు కనబడకపోవుటయే గదా నే చేసిన దోషము!

ఈ వ్యాసము ఆ దోషమునకు ప్రాయశ్చిత్తము. ప్రసిద్ధులైన క్రైస్తవ బోధకులను గౌరవించుట యుచితమా యనునది ప్రశ్న గాదు; ఉచితమే. ఆ గౌరవ మెచ్చట నిలువవలెను, ఎచ్చట దాటినచో చరిత్రకు హాని కలుగును, ఈ విషయమును ఆ బోధకులే స్వయముగా నేమని భావించిరి యనునవి విచార్యములు.

శబ్దవిచారము

నేను వ్యాకరణము చదివినవాడను గనుక నాకు దెలిసిన త్రోవనే యారంభింతును. పాణిని తద్ధితప్రకరణమున ఒక వ్యక్తినామముపై ప్రత్యయము చేర్చి వేఱొక శబ్దమును సాధించునపుడు ఆ రెండింటికి గల సంబంధమును వేర్వేరర్థములుగా విభజించి చూపెను. వానిలో మూడర్థములు ప్రకృతోపయుక్తములు. మొదటిది ప్రోక్తార్థము: ఒకనిచే చక్కగా బోధింపబడినది వాని పేర వ్యవహరింపబడును, పాణినీయ మిట్టిది. రెండవది భక్త్యర్థము: ఒకనియందు భక్తి గలవాడు వాని పేర వ్యవహరింపబడును, వాసుదేవక శబ్ద మిట్టిది. మూడవది దేవతార్థము: ఒకడు దేనికి దేవతయో అది వాని పేర వ్యవహరింపబడును, ఐంద్రమను హవిస్సు ఇట్టిది.

వీనిలో ప్రోక్తమునకును కృతమునకును భేదమును వైయాకరణులు పాటించిరి. కృతమనగా తాను రచించినది; ప్రోక్తమనగా తాను రచింపకపోయినను తన ముఖమున వెలువడి వ్యాపించినది. కాఠకము, కాలాపకము, తైత్తిరీయము అను శాఖానామములు కఠుడు, కలాపి, తిత్తిరి యను ఋషులు వేదమును రచించుటవలన గాక ప్రవచించుటవలన వచ్చినవని మీమాంసకుల నిర్ణయము. పేరు ఋషిది, వాక్కు ఋషిది గాదు. ఇక భక్తి శబ్దము వ్యాకరణమున మిక్కిలి విశాలమైనది. అప్పములయందు ప్రీతి గలవానినిగూడ ఆపూపికుడని ఈ యర్థముననే సాధింతురు. కావున ఒక బోధకునియందు భక్తి కలుగుట దోషము గాదు. ప్రోక్తార్థమున నున్న పేరును దేవతార్థమునకు జరుపుటయే దోషము. ఈ జరుగుబాటు తెలియకుండ జరుగును. ఏలన పలుచోట్ల ప్రత్యయ మొక్కటియే, రూప మొక్కటియే, అర్థము మాత్రము వేఱు.

కొరింథు పత్రిక

ఈ భేదము మనము వెలుపలినుండి క్రైస్తవులకు నేర్పునది కాదు. వారి గ్రంథమునందే యిది స్పష్టముగా నున్నది. అపొస్తలుల కార్యముల 14వ అధ్యాయమున లుస్త్రయను పట్టణపు కథ గలదు. పుట్టుకుంటివా డొకడు పౌలు మాటచే లేచి నడువగా, ఆ యూరివారు బర్నబాను ద్యుపతి యనియు, మాటకారియగు పౌలును హెర్మే యనియు దలచి, పూలదండలతో నెద్దులను దెచ్చి బలియీయబూనిరి. ఆ యిద్దరును బట్టలు చింపుకొని జనులలో జొరబడి, తామును వారివంటి మనుష్యులమే యని వారించిరి. పూజింపబడువాడే పూజను నిలిపివేసిన ఘట్టమిది. ఆ యధ్యాయమునందే కొంతసేపటికి జనులు పౌలును రాళ్లతో గొట్టుటయు వర్ణింపబడినది. దేవతగా నెత్తిన చేతులే రాయి నెత్తెను.

రెండవది కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక. ఆ సంఘమువారు తాము పౌలు వారమనియు, అపొల్లో వారమనియు, కేఫా వారమనియు పక్షములుగా విడిపోయిరి. పౌలు తన పక్షమువారినే ముందుగా మందలించెను. తన పేర బాప్తిస్మము పొందినవారు లేరుగదా యని యడిగెను. నాటినవాడును నీరు పోసినవాడును పనివారే యనియు, పెరుగుదల దేవునిదనియు బోధించెను. ఈ పత్రిక పేరును పాఠకులు జ్ఞప్తియందుంచుకొనగోరెదను. తెలుగునాటి క్రైస్తవచరిత్రలో ముఖ్యఘట్టములందు ఇది మరల మరల దర్శనమిచ్చును.

నామధేయములు

ప్రోక్తము దైవతముగా మారుటకు పేరు మొదటి మెట్టు. జర్మనీ దేశమున మార్టిన్ లూథరు 1522లో తన యనుచరులను తన పేర బిలుచుకొనవలదనియు, క్రైస్తవులమని మాత్రమే చెప్పుకొనవలెననియు గోరెను. కోరినను పేరు నిలిచినది. హయ్యరు అను మిషనరీ 1842లో గుంటూరు చేరి నాటిన సంఘము 1927లో ఆంధ్ర సువార్త లూథరను సంఘముగా రూపొందినది. వలదన్నవాని పేరే నాలుగువందల యేండ్లకు తెలుగు లిపిలో నెక్కినది.

మా ప్రాంతపు విషయమును ఇట్టిదే. పాలమూరు సీమలోని నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల మొదలగు నూళ్లలో వేళ్లూనిన సంఘము మెన్నొనైటు బ్రెదరెను సంఘము. ఈ పేరు 16వ శతాబ్దిలో ఫ్రీస్‌లాండు సీమలో బోధించిన మెన్నో సైమన్సునుండి వచ్చినది. ఆయన రోమను మతాచార్యుడై యుండి, 1536లో ఆ పదవిని విడిచి, బలప్రయోగమును నిరాకరించిన సంఘములకు నాయకుడై, 1561లో గతించెను. రష్యా సామ్రాజ్యమునకు వలసపోయిన ఆ సంఘములలో 1860లో బ్రెదరెను శాఖ యేర్పడినది. ఆ శాఖకు జెందిన అబ్రహాము ఫ్రీసెను రష్యానుండి వచ్చి నల్లగొండలో అమెరికను బాప్టిస్టులతో గలసి పనిచేసెను. 1899లో అమెరికానుండి హీబర్టు మొదలగువారు హైదరాబాదు చేరిరి. 1937లో మహబూబ్‌నగరు, గద్వాల కేంద్రములు బాప్టిస్టులనుండి వీరికి సంక్రమించెను. సంతకు వచ్చు పల్లెవాసికి ఫ్రీస్‌లాండు తెలియదు. మెన్నో యెవడో తెలియదు. అయినను ఆ పేరు వాని సంఘపు ఫలకముపై నున్నది. ఇది ప్రోక్తార్థమున నున్నంతవరకు కాఠకమువంటిదే, దోషము లేదు. పేరులోనే "సహోదరులు" అను నర్థముగల శబ్దము కూడియుండుట ఆ పేరునకు ఔషధమువంటిది.

తెరవెనుకటి పండితులు, ముందటి పాటలు

తెలుగున క్రైస్తవ వాఙ్మయపు తొలినాళ్లను జూతము. లండను మిషను పక్షమున క్రాను, డిగ్రాంజి యనువారు 1805లో విశాఖపట్టణము చేరిరి. డిగ్రాంజి 1810లో గతించిన పిదప ఆయన తెలుగుచేసిన మొదటి మూడు సువార్తలు శ్రీరామపురమున ముద్రితము లయ్యెను. ఆ యనువాదమున ఆయనకు దోడ్పడినవాడు ఆనందరాయరను బ్రాహ్మణుడు. ఐదేండ్లలో నొక పరదేశి మన భాషలో గ్రంథము వెలయించె ననుకొనుట ఆశ్చర్యకరము. ప్రక్కన నొక పండితు డుండెనని తెలిసికొనుట చరిత్రము. రెండవది తెలిసినచో మొదటివాని శ్రమకు లోటు రాదు. దాని స్వరూపము సరిగా గోచరించును.

పురుషోత్తమ చౌదరి కథ దీనికి మఱొక ముఖము. వంగదేశమునుండి వచ్చిన బ్రాహ్మణవంశమున 1803లో పర్లాకిమిడి ప్రాంతమున జనించి, 1833లో కటకమున బాప్తిస్మము పొంది, 1890లో గీర్తిశేషుడైన యీయన కీర్తనలు శాఖాభేదము లేక తెలుగు క్రైస్తవు లందఱును పాడుదురు. అవి మన రాగతాళములలో, పల్లవిచరణముల కట్టుబాటులో నున్నవి. పొలములో నాట్లు వేయుచు పాడు స్త్రీకి కవి పేరు తెలిసియుండకపోవచ్చును. పాట మాత్రము కంఠస్థము. బోధకునికి ఇంతకు మించిన గౌరవము నేను ఊహింపజాలను. మన పదకర్తలు కొందఱికి ముద్ర యుండియు కీర్తి లేదు. ఈయనకు ముద్రతో పనిలేకయే వ్యాప్తి కలిగినది. ప్రోక్తము ప్రవక్తను దాటిపోవుట యనగా నిదియే.

ఒంగోలు

ఇక నా తప్పునకు మూలమైన ఒంగోలు చరిత్ర. అమెరికను బాప్టిస్టుల తెలుగు మిషను 1836లో శామ్యూలు డే యనువానితో నారంభమై, 1840లో నెల్లూరు చేరినది. పదునేడేండ్లకును ఫలము స్వల్పమగుటచే 1853లో దానిని మూసివేయుదమా యని స్వదేశమున జర్చ జరిగినది. పటమున నది యొంటరి చుక్కగా నుండుటచే "లోన్ స్టార్" అను పేరు వచ్చినది. 1854 జనవరి 1వ తేదీ యుదయమున ఐదుగురు ఒంగోలు కొండమీద ప్రార్థించిరి. లైమన్ జ్యూవెట్టు, ఆయన భార్య యనునవి ప్రసిద్ధమగు పేర్లు. తక్కిన మువ్వురు నర్సు, జూలియా, రూతు. ఆ కొండను జూడబోవువారు మొదటి యిద్దరను స్మరింతురు. ఐదింట మూడుపాళ్లు మనవారే!

జాన్ ఎవరెట్ క్లౌ 1836లో అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమున జనించెను. పూర్వాశ్రమమున భూమి కొలతల పని నేర్చెను. 1865లో హిందూదేశము చేరి, 1866లో ఒంగోలులో స్థిరపడెను. అంతకు ముందే యొక కార్యము జరిగియుండెను. కనిగిరి ప్రాంతమున తాళ్లకొండపాడు గ్రామస్థుడు యర్రగుంట్ల పేరయ్య మాదిగ కులమువాడు; తోళ్ల వర్తకమునకై ఉత్తరపు సీమలకు బోయి అచ్చట క్రైస్తవబోధ వినెను. అతడు పూర్వమే బండికట్ల వీరమ్మ యను గురువమ్మయొద్ద రాజయోగ మభ్యసించినవాడు. సత్యాన్వేషణము మిషనరీ వచ్చి అతనిలో పుట్టించినది గాదు. అతడే దానిని మోసికొనుచు మిషనరీని వెదకికొని వచ్చెను. 1866లో భార్యతోగూడ బాప్తిస్మము పొంది, తన యూరికి రమ్మని కోరుచుండెను. 1867 జనవరిలో క్లౌ అచ్చటికి బోవునప్పటికి పేరయ్య బోధించి సిద్ధపఱచిన జనము గూడియుండెను. 28 మంది బాప్తిస్మము పొందిరి. విత్తిన చేయి పేరయ్యది.

అప్పుడొక సంకటము కలిగెను. ఒంగోలులో నగ్రవర్ణములవారు క్లౌ యెడ నాదరముగా నుండి, తమ పిల్లలను బడికి బంపుచుండిరి. మాదిగలను జేర్చుకొనినచో తాము రామనిరి. క్లౌ తన గదిలో కూర్చుండి బైబిలు తెఱవగా కొరింథీయుల మొదటి పత్రిక 1వ అధ్యాయమున, లోకము నీచముగా నెంచువారిని దేవు డేర్పఱచుకొనె నను భాగము కనబడెననియు, వేఱొక గదిలో ఆయన భార్యకును అదే భాగము దొరికెననియు చెప్పుదురు. ఆ దంపతులు మాదిగల పక్షమున నిలిచిరి. ఇది వారి జీవితమున మిక్కిలి గౌరవింపదగిన ఘట్టము. అయితే నే నింతకు ముందు జ్ఞప్తియందుంచుకొన గోరిన పక్షభేదనిందయు ఆ 1వ అధ్యాయమునందే, కొన్ని వాక్యములకు ముందుగానే యున్నది. పేదవానిని జేర్చుకొమ్మన్న పుటయే, చేర్చుకొన్నవాని పేర పక్షము గట్టవలదని చెప్పుచున్నది. తరువాతివారు ఒక భాగమును పదే పదే చెప్పుకొని రెండవదానిని చదువక విడిచిరి.

1876 మొదలు 1878 వరకు దక్షిణాపథమున మహాక్షామము. క్లౌ బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకపుపని గుత్తకు దీసికొని వేలజనులకు కూలి కల్పించెను. ఆయన బోధకులు పనివారి గుంపులపై మేస్త్రీలై నిలిచి, విరామవేళల బోధించిరి. ఈ కాలమున బాప్తిస్మము గోరినవారు వేలకొలది. క్లౌ సుమారు పదునైదు మాసములు ఒక్కరికిని బాప్తిస్మ మీయలేదు. కూటికై వచ్చినవాడెవడు, నమ్మి వచ్చినవాడెవడు అని తేలుదాక నాగెను. తన విజయమును దానే శంకించుట యిది. సంఖ్యను జూచి పొంగువారు ఈ పదునైదు మాసముల శూన్యమును గూర్చి మాటాడరు. నా మట్టుకు ఆ మనిషి గొప్పదనము ఆ శూన్యమునందే యున్నది.

క్షామసహాయము ముగిసిన తరువాత 1878 జులైలో, ఒంగోలుకు ఉత్తరమున గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లిలో జనము గూడెను. జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, వెరసి మూడుదినములలో 3,536 మంది బాప్తిస్మము పొందిరి. ఆర్గురు తెలుగు బోధకులలో ఇద్దరు నీటిలో నిలుతురు. వారు అలసినచో మఱియిద్దరు దిగుదురు. లేఖకులు పేర్లు చదువుదురు. నేను సభలో జెప్పిన "స్వహస్తములు" ఇందెచ్చటను లేవు. కొరింథు పత్రిక మొదటి యధ్యాయమున పౌలు, తాను మిక్కిలి కొద్దిమందికే బాప్తిస్మ మిచ్చితినని సంతోషించుచున్నాడు. ఏలన, ఎవ్వరును తన పేర బాప్తిస్మము పొందితిమని చెప్పుకొన వీలులేదు. వెల్లంపల్లిలో ఆ వాక్యము దానంతట నాచరణకు వచ్చినది. స్తోత్రపాఠకులు దానిని మరల వమ్ము చేసిరి. వారిలో నే నొకడను.

క్లౌ 1910లో గతించెను. ఆయన చెప్పగా ఆయన ద్వితీయభార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ వ్రాసిన యాత్మకథ 1914లో వెలువడినది. 1899లో ఆమె మాదిగల కథలను గూర్చి వేఱొక గ్రంథము ప్రకటించియుండెను. పేరయ్య యోగాభ్యాసమును, వీరమ్మ గురుత్వమును మనకు దెలియుట ఈమె శ్రద్ధవలననే. కావున క్లౌ యింటివారే క్లౌ చుట్టునున్న వారిని మఱవలేదు. మఱచినవారు తరువాతి పొగడికలవారు.

దోర్నకలు

వేదనాయగము సామ్యూలు అజరయ్య 1874లో తిరునెల్వేలి సీమలో జనించెను. 1903లో స్వదేశీయుల ధనముతో, స్వదేశీయుల చేతులతో నడువదగిన తిరునెల్వేలి ఇండియను మిషనరీ సొసైటీని స్థాపించిన వారిలో ముఖ్యుడు. పెద్దవాడైన పిదప తెలుగు నేర్చి, దోర్నకలున పనికి వచ్చెను. 1910లో ఎడింబరోలో జరిగిన లోక మిషనరీ మహాసభయందు పాశ్చాత్య మిషనరీల సన్నిధిని నిలిచి, వారి ధనమును త్యాగమును కృతజ్ఞతతో నంగీకరించి, తమకు ప్రేమ కావలెననియు, స్నేహితులు కావలెననియు గోరెను. ఆ మాటల వెనుకనున్నది కొరింథు పత్రిక 13వ అధ్యాయము: సర్వస్వము నిచ్చియు దేహము నర్పించియు ప్రేమ లేనిచో వ్యర్థమని చెప్పినది.

ఈ ప్రార్థనయందు ప్రకృతవిషయపు సారమంతయు గలదు. మన గ్రామములలో మిషనరీని "దొర" యనిరి. దొర యన్నచో నొకడు పైన, నొకడు క్రింద. దొరను పూజింపవచ్చును, దొరను దూషింపవచ్చును. దొరను దిద్దుటకు వీలులేదు. స్నేహితుని దిద్దవచ్చును. అజరయ్య కోరినది గౌరవలోపము గాదు; గౌరవము సత్యముగా నుండుటకు వలసిన సమతలము.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన బిషప్పుగా నభిషిక్తుడయ్యెను. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన మొదటి భారతీయు డీయనయే. అయినను తాను నలుగురిలో నొకడగు పద్ధతిని విడువలేదు. గ్రామములలో బాప్తిస్మము పొందినవారిచేత తమ తలపై చేయి పెట్టించి, సువార్త చెప్పనిచో తమకు శ్రమ యని పలికించెడివాడు. ఆ ప్రతిజ్ఞ కొరింథు పత్రిక 9వ అధ్యాయమునుండి గ్రహింపబడినది. నిన్న వినినవాడే నేడు వక్తయగుచో వక్తకు బీఠమెక్కడ? దోర్నకలున 1939లో ప్రతిష్ఠింపబడిన దేవాలయమున హిందూ ముసల్మాను శిల్పరీతులు మేళవింపబడినవి. 1945 జనవరి 1న ఆయన దోర్నకలుననే గతించెను. మతాంతరీకరణ విషయమున గాంధీమహాత్మునకును ఈయనకును 1930ల నడుమ తీవ్రమైన యభిప్రాయభేదము గలిగినదని చెప్పుటయు చరిత్రధర్మము. ఇద్దరు పెద్దలలో నొకరిని గౌరవించుటకై రెండవవారిని దించనక్కఱలేదు.

హెబ్రోను

బక్త్ సింగు 1903లో పంజాబున సిక్కు కుటుంబమున జనించి, ఇంజనీరింగు విద్యకై విదేశములకు బోయి, కెనడాలో 1929లో క్రైస్తవవిశ్వాసము నంగీకరించి, 1933లో స్వదేశమునకు మరలెను. 1941లో మద్రాసునను, 1950లో హైదరాబాదు గోల్కొండ చౌరస్తాయొద్ద హెబ్రోను అను పేరను కేంద్రములు స్థాపించెను. 2000 సెప్టెంబరు 17న గతించెను. శాఖానామము వలదనుట ఆయన సిద్ధాంతము. తన్ను "సహోదరుడు" అని మాత్రమే పిలువనిచ్చెను. అయినను తెలుగు ప్రజలు ఆ సంఘములను నేటికిని ఆయన పేరనే పిలుచుచున్నారు. లూథరునకు జరిగినదే యిచ్చటను జరిగినది. పేరు వలదన్న కొలది పేరు అంటుకొనును!

ఇందొక సూక్ష్మము గలదు. ఈ పంజాబీ బోధకుని మాటలను తెలుగు సభలకు అందించినవారు అనువాదకులు. వాక్యమునకు వాక్యము, ఒక్కొకప్పుడు గంటలకొలది, వేదికపై ప్రక్కన నిలిచి చెప్పుదురు. విన్నవారి చెవిలో మ్రోగినది అనువాదకుని తెలుగు. గుర్తున్నది వక్త పేరు. భాషాసేవకుల మైన మనము ఈ లోపమును ముందుగా గుర్తింపవలసినవారము. ఆనందరాయరునుండి వేదికమీది అనువాదకునివఱకు ఇది యొకటే పరంపర.

ప్రతికృతి

ఇక గోడపటముల మాట. పాణిని ప్రతికృత్యర్థమున, అనగా బొమ్మ యను నర్థమున, కన్ ప్రత్యయమును విధించెను, గుఱ్ఱపుబొమ్మ అశ్వకము. జీవికకై యుంచబడి, విక్రయమునకు గాని ప్రతిమ విషయమున ఆ ప్రత్యయమునకు లోపము చెప్పెను. అట్టి శివప్రతిమ శివుడనియే వ్యవహరింపబడును. అచ్చట పతంజలి, బంగారము గోరి మౌర్యులు ప్రతిమలను గల్పించిరని యొక చరిత్రాంశమును స్మరించెను. బొమ్మకును బొమ్మ గలవానికిని భేదము చూపు ప్రత్యయము లోపించినచో చూచువాడు బొమ్మనే దేవుడనును. అమ్ముకొనువాడు పుట్టుకొని వచ్చును. బోధకుని పటము పెద్దదైన కొలది ఈ ప్రత్యయలోపము ఘటిల్లుచుండును. ఇది క్రైస్తవులకు మాత్రమే చెప్పిన మాట గాదు. మన ప్రవచనకర్తల పటములకును, పండితసన్మానపు వేదికలకును నిదే శాస్త్రము.

అతినింద

అతిస్తుతికి ఎదుటిదగు మఱొక దోషము గలదు. మిషనరీలు కఱవులో కూడుచూపి జనులను లాగిరి, అంతకు మించి యేమియు లేదు అను వాదము మన విద్వత్సభలలో వినబడుచుండును. ప్రశ్న యడుగుట న్యాయమే. క్షామమున నన్నము పెట్టినవాని మాటకు బరువెక్కుట సహజము. ఆ బరువు ఎంతయో విచారింపవలసినదే. కాని క్లౌయే యా ప్రశ్నను దనకు దాను వేసికొని పదునైదు మాసము లాగెనను సంగతిని ఈ వాదులు చెప్పరు. మఱియు పేరయ్య క్షామమునకు పదేండ్ల ముందే వచ్చెనని గుర్తింపరు. స్తోత్రపాఠకుడు పేరయ్యను మఱచెను. నిందకుడును పేరయ్యను మఱచెను. ఇరువురకును దొర యొక్కడే కనబడుచున్నాడు. విగ్రహమును నిలుపువానికిని పగులగొట్టువానికిని విగ్రహమే లోకము. వారిద్దరి నడుమ మనుష్యుడు మాయమగుచున్నాడు. ముఖ్యముగా, తన బుద్ధితో విచారించి తన మార్గము నెన్నుకొన్న పేద మనుష్యుడు.

ఉపసంహారము

అట్లయిన గౌరవించుట యెట్లు? దీనికి మన శాస్త్రపరంపరయే నిదర్శనము. పాణినిని మించిన యాచార్యుడు వైయాకరణులకు లేడు. అయినను కాత్యాయనుడు పాణిని చెప్పనిదానిని వార్తికములలో జెప్పెను. పతంజలి కొన్నియెడల కాత్యాయనుని నిరాకరించెను. మువ్వురిలో నుత్తరోత్తరుని మాటకే ప్రామాణ్య మెక్కువ యని సంప్రదాయము. దీనివలన పాణినికి న్యూనత రాలేదు, మువ్వురును మునులే. తెలుగున చిన్నయసూరి బాలవ్యాకరణము 1858లో వెలసినది. దానిలో విడిచిన లక్షణములను బహుజనపల్లి సీతారామాచార్యులు 1885లో ప్రౌఢవ్యాకరణమున బూరించెను. సూరిని పూజించి యూరకున్నవారికంటె పూరించిన యాచార్యులే సూరిని ఎక్కువగా గౌరవించిరి. దోషము చూపుటయు, లోపించినదానిని మరల నిలుపుటయు శిష్యధర్మములు.

కావున ప్రసిద్ధుడైన బోధకుని గూర్చి వ్రాయుచో మూడు ప్రశ్నలు తప్పక వేసికొనవలెను. ఆయన ప్రోక్తమేమి? ఆయన ప్రక్క నిలిచినవారెవరు? తన పనియందు ఆయనకే కలిగిన శంక యేమి? మొదటిదానివలన బోధ తెలియును. రెండవదానివలన పేరయ్యయు ఆనందరాయరును నర్సు జూలియా రూతులును మరల దర్శనమిత్తురు. మూడవదానివలన మనుష్యుడు మనుష్యుడుగా నిలుచును. ఈ మూడింటికి నిలిచిన గౌరవము ఎంత యధికమైనను హాని లేదు. పాఠశాలలలో మహాపురుషుల కథలు చెప్పు ఉపాధ్యాయులు బాలురచేత ఈ ప్రశ్నలు వేయించినచో చరిత్రపాఠమును సంస్కారమును నొక్కమాఱే యబ్బును.

మర్యాద యనగా లోకమున గౌరవము, శాస్త్రమున హద్దు. ఆఙ్ అను నవ్యయమునకు మర్యాదయు నభివిధియు అని రెండర్థములు. హద్దును విడిచి దానివఱకు బోవుట మర్యాద. హద్దును గలుపుకొని పోవుట యభివిధి. బోధకుని యెడ భక్తి దైవమువఱకు బోవచ్చును, మర్యాదార్థమున మాత్రమే.

ఆ వృద్ధబోధకుడు దొరను నిందింపలేదు. నా పొగడ్తకు సంతోషించెను. పిమ్మటనే తనవారిని జ్ఞప్తికి దెచ్చెను. అదియే క్రమము. నేను తరువాత వేఱొక సభలో ఆ కథను మరల జెప్పవలసివచ్చినపుడు 3,536 అను సంఖ్యను జెప్పి, పదునైదు మాసముల నిరీక్షణమును జెప్పి, నీటిలో నిలిచిన ఆర్గురు తెలుగు బోధకులను జెప్పితిని. ఈసారి చప్పట్లు తక్కువగా వినబడెను. కడపటి వరుసలోని యొక బాలుడు లేచి, ఆ యార్గురి పేర్లేమని యడిగెను. చరిత్ర యారంభమగుట ఆ ప్రశ్నతోనే యని విద్వాంసులకు మనవి.